పేటకు పేరుపెట్టు అధికార మెవరిది?



నేడు నేను మీతో ముచ్చటింపదలచినది ఒక పేరును గూర్చి. ఆ పేరు మన దేశములోనిది కాదు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో న్యూయార్కు అను మహానగరము కలదు. ఆ నగరమున హార్లెం అనునది ఒక పేట. 2017వ సంవత్సరమున ఇండ్ల క్రయవిక్రయములు జరుపు వ్యాపారులు కొందరు ఆ పేట దక్షిణభాగమునకు 'సోహా' అని క్రొత్తపేరు పెట్టి ప్రచారమునకు దిగిరి. పేటవాసులు విని యూరకుండలేదు. వీథిలో నిలిచి నిరసించిరి. పేటసభలలో వాదించిరి. తుదకు తగవు రాష్ట్ర శాసనసభవరకు పోయినది.

రెండక్షరముల పేరునకై ఇంత కలహమా యని మీలో కొందరనుకొనవచ్చును. కాని పొలము గట్టు జరిగినప్పుడు జానెడు నేలకై రెండు తరములు వ్యాజ్యమాడిన వంశములను మీరెరుగుదురు. ఆ తగవు జానెడు నేలకై కాదు. గట్టు జరుపు హక్కు ఎవరిది యనుటకై. హార్లెం తగవును అట్టిదే. దానిని తెలిసికొనవలెనన్న ఆ పేట పుట్టుక మొదలుకొని చెప్పవలెను.

న్యూయార్కు నగరమునకు నడిబొడ్డయిన మన్‌హాటను ఒక దీవి. దాని పొడవు సుమారు 13 మైళ్లు. అచ్చటి అడ్డవీథులకు చాలవరకు పేర్లు లేవు, సంఖ్యలే కలవు. దక్షిణమునుండి ఉత్తరమునకు పోవుకొలది సంఖ్య పెరుగుచుండును. 110వ వీథి దాటినచో హార్లెము. ఆ పేట నడుమ సాగు 125వ వీథి దానికి రాజవీథి. మన ఊళ్లలో పెద్దబజారు వంటిది. వ్యాపారులు సోహా యన్నది 110వ వీథికిని 125వ వీథికిని నడుమనున్న భాగము. దక్షిణమునకు ఇంగ్లీషున సౌత్ అందురు. 'సౌత్ హార్లెం' అను రెండు మాటల తలలు నరికి ఒకదాని కొకటి అతికినచో సోహా యైనది. అంతకుమించి ఆ పేరులో అర్థము లేదు.

ఐరోపావారు రాకపూర్వము ఆ దీవి లెనాపీ యను ఆదిమజాతివారి నివాసభూమి. 17వ శతాబ్దమున డచ్చివారు వచ్చి దక్షిణకొనయందు కోటకట్టి, పట్టణము వెలయించి, దానికి న్యూ ఆంస్టర్‌డాం అని తమ స్వదేశపు నగరము పేరు పెట్టుకొనిరి. ఈ డచ్చివారు మనకు క్రొత్తవారు కారు. ఆ శతాబ్దారంభముననే వారు మన మచిలీపట్టణమునకు కూడ వచ్చి గిడ్డంగులు కట్టి వస్త్రవ్యాపారము చేసిరి. మనవారు వారిని వలందావారు అనెడివారు. వారు నివసించిన చోటు నేటికిని మచిలీపట్టణమున వలందపాలెము. ఈ పేరును జ్ఞాపకమున నుంచుకొనుడు. దీనితో మనకు ముందు పని కలదు.

1658వ సంవత్సరమున డచ్చి గవర్నరు పీటరు స్టైవెసాంటు మన్‌హాటను దీవి ఉత్తరభాగమునందలి చదునైన నేలలో ఒక గ్రామమును ఏర్పాటు చేసి, స్వదేశములోని హార్లెం పట్టణమును తలచుకొని దానికి 'క్రొత్త హార్లెం' అని నామకరణము గావించెను. పట్టణమునుండి ఆ గ్రామమునకు బాట కావలసివచ్చినది. ఆ బాటను వేసినవారు డచ్చి వ్యాపారసంఘము చేతిలోనున్న నల్లజాతి బానిసలు. అనగా ఆ గ్రామమునకు పేరు పెట్టినవాడు గవర్నరు. దారి వేసినవాడు బానిస. ఈ సంగతి నేటి తగవులో మరల తలయెత్తక తప్పదు.

1664లో ఆంగ్లేయులు నౌకాబలముతో వచ్చి ఆ దేశమును డచ్చివారినుండి పుచ్చుకొనిరి. న్యూ ఆంస్టర్‌డాం పేరు తీసివేసి న్యూయార్కు అనిరి. హార్లెం గ్రామమునకును లాంకాస్టరు అని ఇంగ్లీషు పేరు పెట్టజూచిరి. న్యూయార్కు అను పేరు నిలిచినది, లోకమంతటను వ్యాపించినది. లాంకాస్టరు మాత్రము నిలువలేదు. చేయి ఒక్కటే, కాలము ఒక్కటే, ఫలము వేరయినది. ఏల?

పట్టణమున ఓడలు దిగవలెను, పన్నులు కట్టవలెను, పత్రములు వ్రాయవలెను, న్యాయాధికారి ముందు నిలువవలెను. అచ్చటివారికి దొరతనముతో దినదినము పని. దొరతనపు పేరు వారి నోట నానినది. గ్రామమున దున్నుకొను డచ్చి రైతునకు ఆ పని లేదు. అతడు తన తండ్రి యనిన పేరే తాననెను. కుమారునకును అదియే నేర్పెను. ఇది నాకు తోచిన సమాధానము.

పదముల శక్తిని గూర్చి మన శాస్త్రకారులు యోగమనియు, రూఢియనియు రెండు మార్గములు చెప్పియున్నారు. మాట ముక్కల అర్థమును కూర్చగా వచ్చునది యోగము. లోకవ్యవహారముచేత సిద్ధించునది రూఢి. పంకమనగా బురద. బురదలో పుట్టినది పంకజమన్నచో కప్పయు పంకజమే, నాచును పంకజమే కావలెను. కాని పంకజమనగా లోకము తామరపూవును మాత్రమే తలచును. యోగముకంటె రూఢి బలవత్తరమని పెద్దల నిర్ణయము. లాంకాస్టరు ఆజ్ఞచే పుట్టినది. హార్లెం రూఢిచే నిలిచినది. పేరు పెట్టుట పెద్దలవలన కావచ్చును, నిలుపుట మాత్రము పిలుచువారివలననే యగును.

తరువాత రెండు వందల యేండ్లు హార్లెం పల్లెగానే యుండెను. 1880 ప్రాంతమున నగరమునుండి అచ్చటికి, వీథులమీదుగా స్తంభములు నిలిపి వానిపై వేసిన రైలుమార్గము వచ్చినది. 1904లో భూగర్భపు రైలు వచ్చినది. రైలు వచ్చునని ముందుగా విని వ్యాపారులు పొలములు కొని వరుసలు వరుసలుగా మేడలు కట్టిరి. జర్మనులు, ఐరిషువారు, యూదులు, ఇటలీవారు ఒకరి వెనుక నొకరు వచ్చి చేరిరి. ఇటలీవారున్న తూర్పుభాగమును ఇటాలియను హార్లెం అనిరి. తరువాత పోర్టొరికో దీవినుండి వచ్చినవారు నిండగా అదియే స్పానిషు హార్లెం అయినది. ముందు విశేషణము మారినది గాని హార్లెం అను నామము మారలేదు. వచ్చిన ప్రతివాడును ఊరి పేరును ఊరివారినోట విని నేర్చుకొన్నవాడే.

అంతలో వ్యాపారుల లెక్క తప్పినది. అక్కరకు మించి కట్టిన మేడలు అద్దెకు దిగువారులేక పాడుపడియుండెను. 1904వ సంవత్సరమున ఫిలిప్ పేటన్ అను నల్లజాతి వర్తకుడు సంస్థ యొకటి నెలకొల్పి, ఆ మేడల యజమానులను కలిసికొని, తనవారిని అద్దెకు దింపుదునని చెప్పెను. అప్పటివరకు నగరమున మంచి యిల్లు నల్లవారికి దొరకుట దుర్లభము. అందువలన వారు తెల్లవారికంటె అధికముగ అద్దె చెల్లించియు దిగిరి. తెల్లజాతి యజమానులు కొందరు నల్లవారికి ఇల్లు అమ్మబోమనియు, అద్దెకీయబోమనియు తమలో తాము కట్టుబాటుపత్రములు వ్రాసికొనిరి. ఆ పత్రములు ఎక్కువకాలము ఆగలేదు. ఖాళీ యింటికి అద్దె రాదు గదా.

ఆ కాలముననే దక్షిణరాష్ట్రముల నల్లవారు మహాప్రవాహమువలె ఉత్తరమునకు కదలిరి. బానిసత్వము 1865లోనే శాసనముచే రద్దయినను, దక్షిణమున వారికి ఓటు లేదు, న్యాయము లేదు, ప్రాణమునకు భద్రత లేదు. 1910 మొదలు 1970 వరకు సుమారు 60 లక్షలమంది దక్షిణమును విడిచిరని చరిత్రకారుల లెక్క. వారిలో వేలకొలది జనులు హార్లెమునకు చేరిరి. కరీబియను దీవులనుండియు వచ్చిరి. నడిమి హార్లెమున 1910లో నూటికి 10 మంది నల్లవారు. 1930 నాటికి నూటికి 70 మంది. 1950 నాటికి 98 మంది.

వారు కేవలము కాపురముండలేదు. ఆ పేటకు కీర్తి గడించిరి. 1920–30 నడుమ కవులు, కథకులు, గాయకులు, చిత్రకారులు అచ్చట గుమిగూడి చేసిన కృషిని 'హార్లెం పునరుజ్జీవనము' అని సాహిత్యచరిత్రలలో వ్రాయుదురు. లాంగ్‌స్టన్ హ్యూస్ కవి, జోరా నీల్ హర్‌స్టన్ రచయిత్రి ఆ కాలమువారు. 1808లో స్థాపితమైన ఆబిసీనియను బాప్టిస్టు దేవాలయము 1923లో 138వ వీథికి తరలివచ్చినది. ఆర్టూరో షోంబర్గు అను పుస్తకప్రియుడు నల్లజాతి చరిత్రకు సంబంధించిన గ్రంథములను, పత్రములను జీవితమంతయు సేకరింపగా 1926లో అవి 135వ వీథిలోని గ్రంథాలయమునకు చేరినవి. నేడది ప్రపంచప్రసిద్ధమైన విద్యాస్థానము. 125వ వీథిలో అపోలో నాటకశాల 1934లో నల్లజాతి ప్రేక్షకులకు ద్వారములు తెరచినది. అదే వీథిలోని థెరీసా హోటలున 1960లో క్యూబా నాయకుడు కాస్ట్రో బస చేయగా, మన ప్రధానమంత్రి నెహ్రూగారు అచ్చటికి పోయి యాతనిని దర్శించిరి. ఒక డచ్చి పట్టణము పేరు ఈ విధమున నల్లజాతివారి మానమర్యాదలకు మారుపేరైనది. ఇది రూఢియొక్క శక్తి.

అంతయు వైభవమే యనుకొనరాదు. 1929 తరువాతి ఆర్థికమాంద్యము హార్లెమును క్రుంగదీసినది. 1935లోను, 1943లోను, 1964లోను అచ్చట అల్లరులు చెలరేగినవి. బ్యాంకులు అప్పులీయవయ్యెను, యజమానులు ఇండ్లు బాగుచేయరైరి, పన్ను కట్టలేక వదలిన ఇండ్లు నగరపాలకుల వశమయ్యెను. మత్తుమందులు, దొంగతనములు ప్రబలినవి. చేతనైనవారు లేచిపోయిరి. ఆ చీకటిదినములలో హార్లెం పేరు చెప్పినచో బయటివారు భయపడెడివారు. అప్పుడు ఆ పేరును కోరినవాడు లేడు, దానిని మార్చి అమ్ముకొనవలెనని తలచినవాడును లేడు. పేటను విడువక దీపము పెట్టుకొని కూర్చున్నవారు కొందరుండిరి. ఆ పేరు వారియొద్ద నిలిచియుండెను.

ఆ కాలముననే వారు తమ వీథులకు తామే పేర్లు పెట్టుకొనిరి. 1974లో ఏడవ అవెన్యూకు తమ ప్రతినిధియు మతాచార్యుడునైన ఆడం క్లేటను పవెల్ పేరు పెట్టబడినది. 1977లో ఎనిమిదవ అవెన్యూకు బానిసత్వమునుండి తప్పించుకొని వచ్చి మహావక్తయైన ఫ్రెడరిక్ డగ్లసు పేరు, 1984లో 125వ వీథికి మార్టిన్ లూథర్ కింగు పేరు, 1987లో లెనాక్సు అవెన్యూకు మాల్కం ఎక్సు పేరు వచ్చినవి. కావున హార్లెంవాసులు పేరు మార్పునకు శత్రువులని యెవరును అనజాలరు. వారడిగిన ప్రశ్న వేరు. మార్చువాడెవడు? ఎవరిని స్మరించుటకు మార్చుచున్నాడు?

1990 తరువాత గాలి తిరిగినది. నేరములు తగ్గినవి. పాత మేడలకు వెల పెరిగినది. నగరమధ్యమున ఇల్లు దొరకని ధనవంతులు, విద్యావంతులు 110వ వీథి దాటి రాసాగిరి. 2008లో నగరపాలకులు 125వ వీథివెంట ఎత్తైన కట్టడములకు అనుమతించు నిబంధనలు చేసిరి. ఆ సంవత్సరపు లెక్కలనుబట్టి నడిమి హార్లెమున నల్లవారు నూటికి సుమారు 60 మందికి తగ్గిరి. పాత కాపురస్థులు అద్దె మోయలేక ఒక్కొక్కరుగా కదలుచుండగా, 2017లో సోహా అను మాట వినవచ్చినది. పుండుమీద కారము చల్లినట్లయినది.

ఇక వాదమునకు వత్తము. మన శాస్త్రపద్ధతిలో ముందు పూర్వపక్షమును చెప్పి, పిదప సమాధానమును చెప్పుట మర్యాద.

క్రొత్తపేరును సమర్థించువారి పక్షమిది. పేర్లు ఎప్పుడును మారుచునేయున్నవి. హార్లెం అనునది మాత్రము నల్లవారు పెట్టినదా? డచ్చివారు లెనాపీలను కాదని పెట్టినది. ఆ పేటలో యూదులుండిరి, ఇటలీవారుండిరి. నల్లవారు తరువాత వచ్చిరి. ఇప్పుడు మరియొకరు వచ్చుచున్నారు. ఊరు ఎవని యబ్బసొత్తును కాదు. పాతపేరునకు పాతభయము అంటుకొనియున్నది. క్రొత్తపేరువలన ఆ మచ్చ పోవును. ఇండ్లకు వెల వచ్చినచో సొంతయిల్లుగల పాతకాపునకును లాభమే గదా? అంగళ్లు వచ్చును, వీథులు బాగగును. ఇది త్రోసివేయదగిన వాదము కాదు. పేటలో ఇల్లుగలవారికిని, అద్దెకున్నవారికిని ఈ విషయమున లాభనష్టములు ఒక్కటిగా లేవనుట సత్యము.

దీనికి సమాధానమిది. ముందు వచ్చిన ప్రతివాడును ఆ పేరును స్వీకరించి, తన కష్టముచేత దానికి విలువ చేర్చినాడు. నల్లవారు వచ్చినప్పుడు హార్లెమును త్రుంచి వేరుపేరు చేసికొనలేదు. ఉన్నపేరునకే కీర్తి తెచ్చిరి. సోహా యనువారు చేయుచున్నది అది కాదు. వారు పేటలో కాపురమునకు వచ్చిన జనులు కారు, ఇండ్లు అమ్ముకొనువారు. తాము అమ్మదలచిన సరకునకు చీటీ అంటించుచున్నారు. ఆ చీటీమీద హార్లెం అను మాట పూర్తిగ కనబడరాదని వారి కోరిక. ఏలనన, ఆ మాట కనబడినచో అచ్చట నూరేండ్లుగా ఎవరున్నారో కొనువానికి గుర్తువచ్చును. పేటయొక్క కీర్తి కావలెను, పేటలోని మనుష్యులు వలదు. బాట వేసినవాని పేరు మొదటనే లెక్కలో లేదు. ఇప్పుడు అతని సంతతి నిలిపిన పేరును సగము కొట్టివేయుటయా? వృద్ధులకు కోపము వచ్చుటలో ఆశ్చర్యమేమి?

ఇక మచ్చ యను మాట. దానికి అదే నగరమున దృష్టాంతము కలదు. మన్‌హాటను పడమటిప్రక్క 'నరకపు వంటిల్లు' అను అర్థమిచ్చు పేరుగల పేట యొకటి కలదు. ఇంగ్లీషున హెల్స్ కిచెన్. 1959లో అచ్చట ఒక ఘోరహత్య జరుగగా, స్థానికులు ఆ చెడ్డపేరును వదిలించుకొనదలచి, సమీపమందలి తోట పేరునుబట్టి క్లింటను అని పెట్టుకొనిరి. ప్రభుత్వపు కాగితములలో ఆ పేరు చేరినది. కాని జనుల నోట నరకపు వంటిల్లే నిలిచినది. తరువాత ఆ పేటకు ధనవంతులు వచ్చినప్పుడు ఇండ్ల వ్యాపారులే ఆ పాతపేరును సంతోషముతో వాడుకొనుచున్నారు. చెడ్డపేరు పోవుటకు పేరు మార్చనక్కరలేదు, బ్రతుకు మారిన చాలునని దీనివలన తెలియుచున్నది.

మరి అతుకుల పేర్లు ఎన్నడును నిలువవా యనగా, నిలుచును. సోహాకు మాతృక సోహో. హౌస్టన్ వీథికి దక్షిణమున నున్నదని ఆ భాగమునకు 1960 తరువాత ఆ పేరు వచ్చినది. అది యంతకుముందు గిడ్డంగులు, కర్మాగారములుగల చోటు. కర్మాగారములు మూతబడగా, చిత్రకారులు, శిల్పులు ఆ విశాలమైన కొట్లలో తక్కువ అద్దెకు దిగి, అచ్చటనే పనియు కాపురమును సాగించిరి. ఆ భాగమునుండి పెద్దరహదారి వేసి కట్టడములు కూల్చవలెనన్న ఆలోచనను ఇరుగుపొరుగువారితో కలిసి యెదిరించిరి. 1969లో ఆ రహదారి ఆలోచన రద్దయినది. 1971లో కళాకారులు అచ్చట నివసించుట చట్టసమ్మతమైనది. సోహో యను పేరును అచ్చట నివసించినవారే తమదిగా చేసికొనిరి. వారి పేరున వెడలగొట్టబడిన పాత కుటుంబములు విశేషముగా లేవు. అందువలన ఆ పేరు వేరూనినది.

కాని కథ అచ్చట ముగియలేదు. సోహో యను పేరునకు కీర్తి రాగా చిత్రశాలలు వచ్చినవి, చిత్రశాలల వెనుక విలువైన వస్త్రముల అంగళ్లు వచ్చినవి, అద్దెలు ఆకాశమంటినవి. పేరు తెచ్చిన కళాకారులలో పెక్కురు అచ్చట నుండలేక లేచిపోయిరి. పేరు మిగిలినది, దానిని సంపాదించినవారు మిగులలేదు. ఇది చూచిన వ్యాపారులే అట్టి అతుకుపేర్లను నగరమంతట అల్లసాగిరి. పేరు ముందు, వెల వెనుక అని వారు గ్రహించిరి.

న్యూయార్కున పేటసభలు 59 కలవు. ఒక్కొక్కదానిలో 50 మందివరకు స్థానికులుందురు. నడిమి హార్లెముది పదవది. ఇవి మన పంచాయతీలవంటివే గాని, సలహా చెప్పుటయే వీని పని; ఆజ్ఞాపించు బలము లేదు. పేటపేరును మార్చి ప్రచారము చేయదలచువారు ముందుగా పేటవారి యభిప్రాయము వినవలెనని చట్టము కావలసియుండెను. 2011లో బ్రూక్లిను ప్రతినిధి హకీం జెఫ్రీసు, అచ్చటి ప్రాస్పెక్టు హైట్సు, క్రౌన్ హైట్సు అను రెండు పేటల పేర్లను అతికి 'ప్రోక్రో' యని వ్యాపారులు పిలుచుట చూచి, అట్టి చట్టమును శాసనసభలో ప్రతిపాదించెను. 2017లో సోహా తగవు వచ్చినప్పుడు హార్లెం ప్రతినిధి బ్రయన్ బెంజమిను మరల ప్రతిపాదించెను. రెండును చట్టములు కాలేదు. వర్తకుని మాటపై ఆంక్ష పెట్టవచ్చునా యను సంశయము ఒకటి; పేట సరిహద్దులను నిర్ణయించు అధికారి యెవడను చిక్కు మరియొకటి. న్యూయార్కున పేటల యెల్లలకు చట్టబద్ధమైన నిర్ణయము లేదు. అవియు రూఢిమీదనే నడచుచున్నవి.

అయినను చట్టము చేయలేని పనిని జనుల నోరు చేసినది. 110వ వీథి దాటిన భాగమును లోకము నేటికిని హార్లెం అనియే పిలుచుచున్నది. లాంకాస్టరు పోయిన దారినే సోహాయు పోయినది. మూడున్నర శతాబ్దముల యెడముతో ఒకే గ్రామము రెండుమార్లు తన పేరును నిలుపుకొన్నది. మొదట నిలిపినవారు డచ్చి రైతులు, రెండవమారు నిలిపినవారు నల్లజాతివారు.

ఇచ్చట ఆగి, పేరు దక్కినది గదా, జయము కలిగినది గదా యని సంతోషింపవచ్చునా? నాకు అట్లు తోచదు. మొదట జ్ఞాపకముంచుకొమ్మన్న వలందపాలెమును ఇప్పుడు తలచుకొనుడు. ఆ పేరును ఎవరును మార్చలేదు. రూఢి దానిని కాపాడినది. కాని వలందపాలెమున నేడు వలందావాడు ఒక్కడైనను కలడా? లేడు. వర్తకమునకు వచ్చినవారు వర్తకము తీరగనే పోయిరి, వారికై దుఃఖింపనక్కరలేదు. హార్లెంవారి స్థితి యట్టిది కాదు. వారికి పోవుటకు వేరు స్వదేశము లేదు. దక్షిణమునుండి తరుమబడి వచ్చి, ఎక్కువ అద్దె కట్టి, అందరును విడిచినప్పుడు విడువక నిలిచినవారు వారు. అద్దె పెరిగి వారు లేచిపోయిన పిదప, హార్లెం అను పేరు గోడలమీద బంగారుటక్షరములతో నున్నను, అది మరియొక వలందపాలెమే యగును. పేరు మిగులుట వేరు, పిలుచువారు మిగులుట వేరు. సోహో కళాకారుల కథయు చెప్పునది ఇదియే.

కావున పేటకు పేరుపెట్టు అధికార మెవరిదని యడిగినచో నా సిద్ధాంతమిది. ఆ పేరుతో కష్టసుఖములు పడినవారిది. రాజు పెట్టవచ్చును, వర్తకుడు పెట్టవచ్చును; చెల్లుట చెల్లకపోవుట నివాసుల నోటిలో నున్నది. అయితే నోరు నిలువవలెనన్న మనిషి నిలువవలెను, మనిషి నిలువవలెనన్న ఇల్లు దక్కవలెను. పేరునకై పోరాడిన హార్లెం వృద్ధులు ఈ సంగతి నెరుగనివారు కారు. అద్దెను గూర్చి, వీథి నిబంధనలను గూర్చి పోరాడుచునే పేరును గూర్చియు పోరాడిరి. పేరు మీద చేయి వేసినవాడు తరువాత ఇంటిమీద చేయి వేయునని వారి భయము.

మన పూర్వరాజులును గ్రామములకు క్రొత్తపేర్లు పెట్టిరి. అగ్రహారమిచ్చునప్పుడు రాజు పేరనో, దాత పేరనో ప్రతినామ మొకటి శాసనమున వ్రాయించెడివారు. కాని ఆ శాసనములలోనే పాతపేరును, దాని నాలుగు ఎల్లలను, చెరువును, పుట్టను, చెట్టును కూడ వ్రాసిరి. క్రొత్తది చేర్చుటయే గాని పాతదానిని తుడుచుట లేదు. అందువలననే ప్రతినామము మరచిపోయిన చోట్లను కూడ పాతపేరునుబట్టి గ్రామమును గుర్తింపగలుగుచున్నాము. ఇది మన పెద్దలు చూపిన మంచిమర్యాద.

ఇప్పుడు మన పట్టణముల అంచున నున్న పల్లెలయందు పొలములు ఇండ్లస్థలములుగా చీలిపోవుచున్నవి. వెంచర్లని పేరుతో వచ్చిన ఆ స్థలములకు కొన్నవారి చెవికి ఇంపగు క్రొత్తపేర్లు పెట్టుచున్నారు. చెరువుక్రింది పొలము, మాలమాదిగల దిబ్బ, చాకిరేవు, గంగిరెద్దులవారి బీడు మొదలగు పేర్లు ఒక తరములో మాసిపోవచ్చును. ఆ పేర్లలో ఎవరు దున్నిరో, ఎవరు నీరు పారించిరో, ఎవరిని ఊరి వెలుపల నుంచితిమో అంతయు కలదు. కొన్ని మనకు గర్వము కలిగించును, కొన్ని సిగ్గు కలిగించును. రెండును చరిత్రయే. న్యూయార్కు హార్లెమున బానిస వేసిన బాట కథ మిగిలినది, దానిని వ్రాసిపెట్టినవారుండుటచేతనే.

పెద్దలారా! మీ గ్రామములోని చేలు, చెరువులు, దారులు, వాడల పేర్లు మీకు నోటికి వచ్చును. మీ మనుమలకు రావు. ఒక నోటుపుస్తకము తీసికొని, పేరు ఒకప్రక్కను, ఆ పేరెట్లు వచ్చెనని మీరు వినిన కథ రెండవప్రక్కను, ఇప్పుడచ్చట ఎవరున్నారో మూడవప్రక్కను వ్రాయుడు. వ్రాయలేనివారు చెప్పుడు, బడిపిల్లలు వ్రాయుదురు. ప్రతి వాడవారిని అడుగుడు. ఒక్క వాడవారే ఊరి పేర్లన్నియు నెరుగుట అసంభవము. ఆ పుస్తకమును పంచాయతీ కచేరిలోనో, బడిలోనో భద్రపరచుడు. రేపు ఎవడైన వచ్చి మీ పొలమునకు చీటీ అంటించినప్పుడు, ఇది యెవరి చోటో చెప్పుటకు మీయొద్ద వ్రాతమూలమైన సాక్ష్యముండును.